పడ్డవాళ్ళు

"వదినా, నాన్న పొద్దున బాత్రూంలో పడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది" అని వాణి ఫోన్ చేసినప్పుడు నేను చేటలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తున్నాను. వాణి మా మామయ్య కూతురు. మామయ్యకు ఎనభై దాటాయి. పోవలసిన వయసే అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. కాని ఏడుపు కంటే ముందే నా మనసు వెళ్ళి ఆ "పడ్డాడు" అన్న మాట దగ్గర కూర్చుంది. బతుకంతా పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, మాటల దగ్గర ఆగడం నాకు అలవాటే. అయితే ఈ మాట దగ్గర ఆగడం నాకు ఏ బడీ నేర్పలేదు. నందిగామలో మా పుట్టింట్లో నేర్చుకున్నాను.

పెద్దకర్మకు విజయవాడ నుంచి బస్సులో వెళ్ళాను. దారిలో నందిగామ బస్టాండులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి మిరపకాయల ఘాటు వస్తుందేమోనని చూశాను. రాలేదు. డీజిల్ వాసన, ఎవరో పొట్లం విప్పిన పునుగుల వాసన వచ్చాయి. పుట్టి పెరిగిన ఊళ్ళో ఇప్పుడు నన్ను గుర్తుపట్టేవాళ్ళు లేరు. పేటలో ఇంకా కొందరున్నారు. మామయ్య వాళ్ళుండే జగ్గయ్యపేటను మేము పేట అనే అంటాం. పేట బస్టాండు దగ్గర మామయ్య గాజుల కొట్టు ఉండేది. ఇప్పుడది సెల్‌ఫోన్ల కొట్టయింది. దాని పక్కనున్న పప్పుల కొట్టు మాత్రం అలాగే ఉంది, ఆ కొట్టు పెద్దాయన కూడా ఉన్నాడు. భోజనాల దగ్గర ఆయన నాకు ఎదురు పంక్తిలో కూర్చున్నాడు.

"ఎంత మంచోడండీ మా ఎంకటేశ్వర్లు" అన్నాడాయన, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ. "రాజేశ్వరమ్మగారు గజంబద్ద తీసిందంటే చాలు, మా కొట్లోకొచ్చి బస్తాల ఎనకాల కూర్చునేవోడు. ఏంటయ్యా అంటే, కాస్త నీడకొచ్చాలే అనేవోడు." రాజేశ్వరమ్మ అంటే మామయ్య భార్య, మా అత్తయ్య. పంక్తంతా నవ్వింది. "పోన్లెండి, ఇప్పటికి మనిషికి రెస్టు దొరికింది" అని ఇంకొకాయన అందుకున్నాడు. మళ్ళీ నవ్వారు. నవ్వినవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. పాడె మోసినవాళ్ళున్నారు, పది రోజులూ వాణికి తోడుగా ఉన్నవాళ్ళున్నారు. ఇదే మాట ఒక ఆడమనిషి పెద్దకర్మలో అంటే, "ఆయన కర్ర తీస్తే ఈవిడ పక్కింట్లోకి పోయి దాక్కునేది" అని ఎవరైనా అంటే, పంక్తిలో ఒక్క చెయ్యి కూడా అన్నం కలపదు. నేను పెరుగన్నం దాకా ఉండలేక లేచాను. చెయ్యి కడుక్కుంటుంటే అమ్మ గుర్తుకొచ్చింది. ఈ గజంబద్ద కథకి ఒకప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మే. మామయ్య ఆమెకు సొంత తమ్ముడు.

నాన్నది మిరపకాయల కమీషన్ వ్యాపారం. వత్సవాయి వైపు నుంచి రైతులు బళ్ళమీద బస్తాలు తెచ్చి మా వసారాలో దించేవాళ్ళు. ఆ కాలంలో మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మకుండా గడప దాటేవాళ్ళు కాదు. మాకు ఆ ఘాటు అలవాటైపోయింది. పక్కగుడ్డలకు, పుస్తకాలకు, చివరికి పాలచెంబుకు కూడా ఆ వాసనే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వసారాలో కూర్చుని తాలుకాయలు ఏరేవాళ్ళు. రంగుపోయి తెల్లబడ్డ కాయను తాలుకాయ అంటారు. అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. మిరపకాయలున్న ఇంట్లో కళ్ళనీళ్ళకు కారణం ఎవరూ అడగరు.

నాన్న మంచి పేరున్న మనిషి. తూకంలో మోసం లేదు, తాగుడు లేదు. మాకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే. ఊళ్ళో తగువు వస్తే ఆయన్ని పిలిచేవాళ్ళు. ఆయన అమ్మను కొట్టేవాడు. ఈ వాక్యం ముందు "కాని" అని పెట్టాలని చాలాసార్లు అనిపించింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ ఆ "కాని" పెట్టలేదు. ఆయన మంచి పేరులో అదేమీ కలవలేదు, అందులోంచి అదేమీ తీసెయ్యనూ లేదు. కొట్టాడు అని కూడా అనేవాళ్ళు కాదు. చెయ్యి చేసుకున్నాడు అనేవాళ్ళు. కూరలో ఉప్పు ఎక్కువైతే చెయ్యి చేసుకున్నాడు, రైతుల ముందు ఎదురు మాట్లాడితే చెయ్యి చేసుకున్నాడు. భోజనం చేశాడు, స్నానం చేశాడు అన్నంత తేలిగ్గా ఉండేది ఆ మాట.

అమ్మ ఆ మాట కూడా అనేది కాదు. "పడ్డాను" అనేది. పెరట్లో నాచు మీద జారి పడ్డాను. గడప తట్టుకుని పడ్డాను. మా పెరట్లో నాచు పట్టేంత తడి ఎన్నడూ లేదు, ఎండకు నెర్రెలిచ్చిన నేల అది. అడిగినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. "జాగర్తగా నడవాలమ్మా" అని వెళ్ళిపోయేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం "పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారే" అని, పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసేది. చిన్నప్పుడు నాకు ఆ సామెత అర్థం కాక, కింద పడితే చెడ్డవాళ్ళెందుకవుతారు అనుకునేదాన్ని. పడడమంటే ఓర్చుకోవడం కూడా అని తర్వాత తెలిసింది. మాట పడడం, బాధలు పడడం, అత్తింట్లో పడుండడం. అందుకని అమ్మ అబద్ధమాడిందని నేననను. పడింది. ఏ పడడమో అడిగినవాళ్ళు తేల్చుకోవాలి. ఎవరూ తేల్చుకోలేదు.

మామయ్య నెలకొకసారి పేట నుంచి వచ్చేవాడు. చేతిలో గుడ్డసంచి, సంచిలో అమ్మకోసం గాజులు. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. గొంతు పైకి లేచేది కాదు. వస్తూనే అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, సబ్బునీళ్ళు తెమ్మని నాకు చెప్పేవాడు. అమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒకటొకటిగా మెత్తబడేదాకా నొక్కి, బొటనవేలి మొదలు లోపలికి మడిచి గాజు ఎక్కించేవాడు. ఎక్కించేటప్పుడు ఆమె మొహం వంక చూసేవాడు కాదు, పేట కబుర్లేవో చెబుతుండేవాడు. ఒకసారి కుడిచేతికి డజను వేసి, ఎడమచేతిని అలా పట్టుకుని చూసి, మెల్లగా ఆమె ఒళ్ళో పెట్టేశాడు. "ఈ చేతికి మళ్ళొచ్చినప్పుడు ఏస్తాలే అక్కా" అన్నాడు. అమ్మ సరే అంది. గాజులు అయిపోయాయేమోనని నేను సంచిలోకి తొంగి చూశాను. ఇంకా చాలా ఉన్నాయి.

రాజేశ్వరి అత్తయ్యది రెడ్డిగూడెం. పొడుగు మనిషి, కలుపుగోలు మనిషి, కొట్టు నిజానికి ఆమె నడిపేది. నాకు జడ వేస్తే సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. నన్ను ముద్దు చేసేది, చెరుకు ముక్కలు కొట్టి పెట్టేది. ఆమెకు కోపం వచ్చేది. బేరానికి వచ్చినవాళ్ళకు మామయ్య ఒక గాజు కొసరు వేస్తే వచ్చేది, పిలిచిన వెంటనే పలక్కపోతే వచ్చేది, ఒక్కోసారి ఎందుకో తెలియకుండానే వచ్చేది. రిబ్బన్లు కొలిచే గజంబద్ద చేతికి అందేచోటే ఉండేది. పేటలో ఆడవాళ్ళకు ఆమె అంటే గొప్ప. "పుడితే అట్టా పుట్టాలి" అనేవాళ్ళు. ఒకసారి ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు, మెడ మీద పసుపు పట్టుతో ఉన్న అమ్మను చూసి, "మా అమ్మ పడింది చాలు వదినా. మా ఇంట్లో పడేవాళ్ళు ఆవిడతోనే ఆఖరు" అంది. నాకా మాట ఎంత నచ్చిందో చెప్పలేను. పెద్దయ్యాక నేనూ అలాగే అనాలనుకున్నాను. ఇప్పటికీ ఆ మాటలో నాకు తప్పు కనపడదు. వాళ్ళ నాన్న చేసినదానికి మా మామయ్య వీపు ఏం చేసిందన్నదే నాకు అర్థం కాదు.

తాలుకాయలు ఏరేచోట మామయ్య కథే మా వాళ్ళకు వినోదం. పేట నుంచి ఎవరు వచ్చినా కొత్త కథ ఒకటి తెచ్చేవాళ్ళు. మామయ్య కూడా తానే చెప్పుకునేవాడు, నవ్వుతూ, తనకు కాదు ఇంకెవరికో జరిగినట్టు. వారపత్రికలో అప్పడాల కర్ర పట్టుకున్న పెళ్ళాం, తల మీద బొప్పితో మొగుడు ఉన్న బొమ్మ వస్తే, "అదుగో మీ తమ్ముడు" అని అమ్మకు చూపించేవాళ్ళు. అమ్మ నవ్వేది. మామూలుగా నవ్వితే పెదవి కదిలేదో లేదో తెలిసేది కాదు, ఈ కథకు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్ళోని కాయలు చెదిరేలా నవ్వేది. అమ్మ అంతగా నవ్వుతుందని ఆ కథ మళ్ళీ చెప్పమని నేనే అడిగేదాన్ని. ఆమె నవ్వింది తమ్ముణ్ణి చూసి కాదని ఇప్పుడు అనుకుంటాను. ఈ లోకంలో ఎక్కడో ఒక ఇంట్లో కర్ర అటునుంచి లేచిందని నవ్వింది. పాపం, అదొక్కటే ఆమెకు దక్కిన పగ.

ఏటేటా పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు వెళ్ళేవాళ్ళం. తిరుపతమ్మ తల్లి అత్తింట్లో నానా బాధలు పడ్డ ఇల్లాలని చెప్పుకుంటారు. ఆడవాళ్ళు ఆమెకు పసుపు కుంకుమలిచ్చి, గుమ్మం దగ్గర నిలబడి పెదవులు కదుపుతూ చాలాసేపు చెప్పుకునేవాళ్ళు. అమ్మ కూడా చెప్పుకునేది. బయటికి వచ్చేటప్పుడు ఆమె మొహం కడుక్కున్నట్టు ఉండేది. మామయ్య తిరునాళ్ళలో గాజుల అంగడి పెట్టేవాడు. దేవుడి దగ్గరికి రావేం మామయ్యా అని అడిగితే, "తల్లి ఆడోళ్ళ మాటే వినలేక చస్తంది. మజ్జెలో మనమెందుకు" అన్నాడు. అది కూడా నవ్వుతూనే అన్నాడు.

ఒక ఎండాకాలం, మిరపకాయల బస్తాలన్నీ వెళ్ళిపోయి వసారా ఖాళీ అయిన రోజుల్లో, మామయ్య గాజుల సంచి లేకుండా వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు కాని గోడకు ఆనుకోలేదు. అమ్మ మజ్జిగ ఇస్తూ, అలవాటుగా, "ఏరా, ఇవాళ గజంబద్దా, చీపురా?" అని నవ్వింది. మామయ్య నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అప్పుడు చూశాం, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. అమ్మ నన్ను గోరువెచ్చని నీళ్ళు తెమ్మని, ఆయన్ని వంటింట్లోకి తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టింది. నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఆమె కొద్దికొద్దిగా చొక్కా తడిపి ఊడదీసింది. వీపంతా గీతలు. ఒక్కో దెబ్బకు జంట గీతలు, ఎర్రగా, వాటి మధ్య చర్మం తెల్లగా. అమ్మ చెయ్యి ఆగిపోయింది. అలాంటి గీతలు నేను అంతకుముందు చూశాను. అమ్మకు తలంటేటప్పుడు వీపు రుద్దింది నేనే.

"ఎన్నాళ్ళ నించిరా?" అంది.

"పెళ్ళైన కొత్తల్నించీ."

"మరి నవ్వుతా చెప్పేవాడివి గదరా."

"ఏడిస్తే మగాడు ఏడవటమేంటంటారు. నవ్వుతా చెప్తే పక్కన కూర్చోనిస్తారక్కా."

అమ్మ గుడ్డ తడిపి పిండింది. తర్వాత, "నేనూ నవ్వాను" అంది.

"నువ్వు నవ్వితే బాగుండేదిలే. నువ్వు నవ్వేదే తక్కువ." మామయ్య ఇటు తిరక్కుండానే చెప్పాడు. "నీ సంగతి నాకు తెలుసక్కా. చేతులు పట్టుకుని గాజులేసేవోణ్ణి, తెలవకుండా ఎట్టా ఉంటది."

"తెలిస్తే అడగలేదేంరా?"

"నువ్వూ అడగలేదుగా."

అమ్మ పసుపు కలిపి రాసింది. రాస్తూ ఏడ్చింది. ఇంట్లో ఆ రోజు ఒక్క మిరపకాయ కూడా లేదు. "నేనింక పోనక్కా" అన్నాడు మామయ్య. "ఈడే ఏదన్నా కొట్లో కుదురుకుంటా. పిల్లని తెచ్చుకుంటా. బావని ఒక మాట అడుగు." పిల్ల అంటే వాణి. అప్పటికి దానికి మాటలు వస్తున్నాయి. తండ్రి వీపెక్కి గుర్రం ఆట ఆడే వయసు.

నాన్న భోజనానికి వచ్చి సంగతి విని ముందు నవ్వాడు. తర్వాత కంచం పక్కకు జరిపాడు. "ఆడదాని చేతిలో తన్నులు తిని అక్క కొంగు చాటుకొస్తావా? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? పొయ్యి కాపురం చేసుకో" అన్నాడు. మామయ్య తల దించుకున్నాడు. అప్పుడు అమ్మ, నాన్నకు ఎన్నడూ ఎదురుగా నిలబడి మాట్లాడని అమ్మ, "పెద్దమనుషుల్ని పిలిపించండి" అంది. "ఊళ్ళో అందరి తగువులూ తీరుస్తారు. వాడి వీపు చూసి నాలుగు మాటలు చెప్పమనండి. ఆమె తగ్గకపోతే వాణ్ణి ఇక్కడే ఉండనివ్వండి." నాన్న ఆమె వంక కొంచెంసేపు చూశాడు. ఎందుకో ఒప్పుకున్నాడు. అమ్మ అలా అడగడం ఆయనకూ కొత్తే.

రెండు రోజులకు మా వసారాలోనే కూర్చున్నారు. రాఘవయ్య తాతయ్య, అంటే నాన్నకు పెదనాన్న, పెద్ద దిక్కుగా మంచం మీద కూర్చున్నాడు. ఆయన మాటంటే చుట్టుపక్కల అందరికీ గురి. అత్తయ్యతో పాటు రెడ్డిగూడెం నుంచి వాళ్ళన్న వచ్చాడు. అమ్మ తలుపు వెనకాల నిలబడింది, నన్ను ముందు పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి. అత్తయ్య బెదరలేదు. "మాట వినకపోతే ఒకటిచ్చుకోనాండీ? ఏదో చెయ్యి తగిలిద్ది. ఆ మాత్రానికి అక్క దగ్గరికి పరిగెత్తుకొస్తారా మొగోళ్ళు?" అంది. వసారాలో నవ్వులు మొదలయ్యాయి. తాతయ్య కూడా మీసాల్లో నవ్వుకుంటూ, "ఏదయ్యా, చొక్కా తియ్యి చూద్దాం" అన్నాడు.

మామయ్య చొక్కా తీశాడు. నవ్వులు కొంచెం తగ్గాయి. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగి చూశాడు. "ఆడదాని చేతికి ఇంత వీపు కములుద్దా? నమ్మేట్టు లేదే. ఏడన్నా పడ్డావేమోనయ్యా, సిగ్గుపడక చెప్పు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే ఆయనకు నమ్మశక్యం కాలేదు. "సైకిల్ మీంచి పడుంటాడు, పెళ్ళాం మీదకి తోస్తన్నాడు" అన్నాడు అత్తయ్య వాళ్ళన్న. మళ్ళీ అందరూ నవ్వారు.

"పడితే అట్టా కమలదండి."

తలుపు వెనకనుంచి అమ్మ గొంతు. వసారా అంతా ఇటు తిరిగింది. "అది కర్ర దెబ్బ" అంది అమ్మ. "కర్రతో కొడితే జంట గీతలు లేస్తయ్యి, మజ్జెలో తెల్లగా ఉంటది. రెండో రోజుకి నల్లబడి, తర్వాత పచ్చబడతది. కింద పడితే కమిలినమేరా ఒకటే రంగుంటది."

తాతయ్య కళ్ళజోడు తీశాడు. "నీకెట్టా తెలుసమ్మాయ్?" అన్నాడు.

అంతే అడిగాడు. ఆ ప్రశ్నలో ఏ మెలికా లేదు. కాని ఆ ప్రశ్నకు జవాబు వసారాలోనే కూర్చుని ఉంది. నాన్న తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు దారాలు ఒకటొకటిగా లాగుతున్నాడు. తల ఎత్తలేదు. నా భుజం మీద అమ్మ వేళ్ళు బిగుసుకున్నాయి, గాజులు నా మెడకు తగిలాయి. ఆమె ఊపిరి పైకి తీసుకోవడం నాకు వినపడింది. ఆమె చెప్పబోయింది. ఈ రోజుకీ నేను ప్రమాణం చేసి చెప్పగలను, చెప్పబోయింది.

మామయ్య అక్క మొహం చూశాడు. వంగి చొక్కా తీసుకుని తొడుక్కుంటూ, "పడ్డానండి" అన్నాడు. "కొట్లో నిచ్చెన మీంచి పడ్డా. అక్కకి నేనంటే ప్రేమ, అందుకని అట్టా అంటంది. ఏం లేదండి."

"అద్గదీ, ఆ ముక్క ముందే చెప్తే పోయేది" అన్నాడు తాతయ్య. వసారా అంతా ఒక్కసారి తేలికపడింది. నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, టీలు తెమ్మని కేకేశాడు. తీర్పు కూడా నవ్వుల్లోనే అయిపోయింది. మగాడివి, కాస్త గట్టిగా ఉండు. అమ్మాయ్, నువ్వు కాస్త చెయ్యి తగ్గించు. అందరిలోనూ నవ్వనిది అత్తయ్య ఒక్కతే. కొట్లో నిచ్చెన లేదని ఆమెకు తెలుసు. మామయ్య వంక, తలుపు వంక మార్చి మార్చి చూసింది. ఆ మొహంలో ఏముందో నేను చాలా ఏళ్ళు ఆలోచించాను కాని తెలుసుకోలేదు. సాయంత్రం బస్సుకు మామయ్య ఆమె వెనకాల నడిచి వెళ్ళిపోయాడు. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి చూసింది. తమ్ముడు తన నోరు కాపాడి, తన వీపు మళ్ళీ అప్పగించుకుని పోతున్నాడని ఆమెకు తెలుసు. లోపలికి వచ్చి టీ గ్లాసులు కడుక్కుంది.

ఆ రోజు అమ్మ చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదేమో. ఆమెను చూసి నవ్వేవాళ్ళు కాదు, అది నిజం. కాపురమన్నాక మామూలే అనేవాళ్ళు. ఆమె దెబ్బలు మామూలు కాబట్టి తగువు కాలేదు, మామయ్య దెబ్బలు మామూలు కావు కాబట్టి నిజం కాలేదు. ఆ తర్వాత నాన్న అమ్మను కొట్టలేదని రాయగలిగితే ఎంత బాగుండేది. కొట్టాడు. చేతుల జోలికి మాత్రం పోలేదు, గాజులు వేసేవాడికి కనపడే చోటికి. అదొక్కటే తేడా. వయసు మళ్ళాక కొట్టడం మానేశాడు, చివరి రోజుల్లో అమ్మ అన్నం కలిపి పెడితే తిని పోయాడు. మామయ్య మళ్ళీ నెలనెలా వచ్చాడు, గాజులు వేశాడు, కథలు చెప్పాడు. ఆయన కథలకు అమ్మ మళ్ళీ నవ్వలేదు. వారపత్రికలో ఆ అప్పడాల కర్ర బొమ్మ వస్తే ఆ పేజీ చించి పొయ్యిలో పెట్టేది. ఎందుకే అని ఆడవాళ్ళడిగితే, నిప్పు రాజుకోవట్లేదు అనేది.

కాలం మారలేదని నేననను. మొన్న మా అపార్టుమెంట్లో ఒకమ్మాయి మెట్ల మీంచి పడిందంటే ఆస్పత్రికి తోడు వెళ్ళాను. కట్టు కట్టే నర్సు, చిన్నపిల్ల, ఆ అమ్మాయి భర్తను బయట కూర్చోమని తలుపు వేసి, "అక్కా, నిజంగా పడ్డావా? ఏం భయం లేదు, చెప్పు" అంది. ఆ ఒక్క మాట మా అమ్మను ఎవరైనా అడిగి ఉంటే అనుకుని, తర్వాత వరండాలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఆ వెంటనే ఇంకోటి అనిపించింది. ఆ కుర్చీలో మామయ్య కూర్చుని ఉంటే ఆ పిల్ల తలుపు వేసేదా? వేయదు. ఆ పిల్ల తప్పేమీ కాదు, ఎవరికీ తోచదు. మామయ్య పోయిన వారంలోనే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో బొమ్మ పెట్టారు, అప్పడాల కర్ర, బొప్పి, అదే పాత బొమ్మ, రంగులు కొత్తవి. కింద వరసగా నవ్వు మొహాలు. మామయ్య ఫోటోకి దండలు పెట్టినవాళ్ళే.

ఆ పెద్దకర్మ రోజు చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళాను. అత్తయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అంత పొడుగు మనిషి చిన్నపిల్లంత అయిపోయింది. ముందురోజు ఆమె గాజులు తీశారు. నన్ను గుర్తుపట్టి లేచి కూర్చుని, బోసి చేతులు రెండూ నా ముందు చాపింది. "ఈ చేతులకి ఇంకోళ్ళు గాజులేసి ఎరగరే" అంది. "ఆయనే ఏసేవోడు. ఎప్పుడూ ఒక్కటి కూడా చిట్లనియ్యలా, ఒక్కసారి కూడా నొప్పి పుట్టనియ్యలా." ఆ చేతులు పట్టుకోవాలో వదిలెయ్యాలో నాకు తెలియలేదు. పట్టుకున్నాను. మామయ్య వేళ్ళు నొక్కి నొక్కి మెత్తబరిచిన చేతులే. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, అది కూడా సరిగా రాలేదు. ఏడుపే వచ్చింది, మామయ్య కోసమో, అమ్మ కోసమో.

బస్సుకు వేళవుతుంటే వాణి సందు చివరిదాకా వచ్చింది. దానికీ జుట్టు నెరిసింది. నడుస్తూ నడుస్తూ నేను దాని వంక తిరిగాను. అడగాలని కాదు, అడగకూడదనే అనుకున్నాను. అయినా నా మొహంలో ఏం కనపడిందో, వాణి ఆగిపోయింది.

"నిజంగానే పడ్డాడొదినా" అంది. "నేనాడే ఉన్నా. సబ్బు మీద కాలేసి జారాడు."

నేను తల ఊపాను. వాణి నా చేతి సంచి తీసుకుని సర్ది మళ్ళీ నా భుజానికి తగిలించింది. ఆటో వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ మెల్లగా చెప్పింది.

"నా చిన్నప్పట్నించీ పడతానే ఉన్నాడు. నిచ్చెన మీంచి, సైకిల్ మీంచి, మెట్ల మీంచి. నాన్న నిజంగా పడింది మాత్రం ఇదొక్కసారే."